గోంగూర పప్పుకి పెట్టిన పరీక్ష

నా సర్వీసులో నేను పెట్టిన పరీక్షలకి లెక్కలేదు. యూనిట్ టెస్టులు, క్వార్టర్లీలు, హాఫ్ ఇయర్లీలు, పిల్లలు ఏడుస్తూ రాసినవి, పక్కవాడిది చూసి రాసినవి. వాటన్నిట్లో ఒక్క పరీక్ష మాత్రం నేనే తప్పాను. అది ఏడో తరగతి పరీక్ష. కాగితం మీద కాదు, పప్పు మీద పెట్టింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మాస్టార్లూ, టీచరమ్మలూ, ఇది మీకోసం రాస్తున్నాను. మీరంతా నాకంటే చురుకైనవాళ్ళని విన్నాను. నా భయం కూడా అదే.

అప్పటికి నా రిటైర్మెంటుకి ఇంకా ఆరేళ్ళు ఉంది. సత్తెనపల్లిలో కాపురం. పొద్దున్నే పిడుగురాళ్ల వైపు వెళ్ళే బస్సెక్కి, ముప్పావు గంట ఊగి దిగితే మా హైస్కూలు. చుట్టూ పత్తి, మిరప. గాలి అటు తిరిగిందంటే సున్నం బట్టీల పొగ, ఇటు తిరిగిందంటే కల్లాల్లో ఎండే మిరపకాయల ఘాటు. ఫిబ్రవరిలో నేను పాఠం చెప్తుంటే క్లాసులో సగంమంది తుమ్ముతూ ఉండేవాళ్ళు. మిగతా సగం తుమ్మినట్టు నటించేవాళ్ళు.

నాది జీవశాస్త్రం. నాకు నోరు ఎక్కువ. ఈ రెండూ ముందే చెప్పేస్తే తర్వాత కథ సులువుగా అర్థమవుతుంది.

మా స్కూల్లో సైన్సు ల్యాబ్ అంటే ఒక చెక్క బీరువా. అందులో ఆరు టెస్ట్ ట్యూబులు, వాటిలో రెండింటికి మూతి విరిగింది. ఒక స్పిరిట్ దీపం, ఒక కప్ప బొమ్మ, కాస్టిక్ సోడా బుడ్డి ఒకటి, కాసిని లిట్మస్ కాగితాలు. ఆహారంలో ఏముందో కనిపెట్టే పాఠం వచ్చినప్పుడల్లా నాకు ముందున్నవాళ్ళు బోర్డు మీద బొమ్మ గీసి, కింద రంగు పేరు రాసి, పిల్లల చేత మూడుసార్లు చదివించి వదిలేసేవారు. ఇన్నేళ్ళూ నేనూ అలాగే నెట్టుకొచ్చినా నాకది గిట్టలేదు. ఊదారంగు అని చదవటానికీ, కళ్ళముందు ఊదారంగు పొంగటానికీ తేడా లేదూ? ఆ ఏడాది చేసి చూపిద్దామని పట్టుబట్టాను.

అయోడిన్ మందుల షాపులో దొరికింది. ప్రోటీన్ పరీక్షకి కావలసిన మైలుతుత్తం కోసం నేను ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. అది మిరప తోటలున్న ఊరు. తెగుళ్ళకి మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టడం పిల్లలకి పుట్టుకతో తెలుసు. మా పేరెంట్స్ కమిటీ ఛైర్మన్ గారిది పురుగుమందుల కొట్టు. కొడుకు మా ఏడో తరగతిలోనే ఉన్నాడు. ఆయన వాడి చేత నీలం రాళ్ళలాంటి తుత్తాన్ని పొట్లం కట్టి పంపించి, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండమ్మా అని కబురు చెప్పాడు. మంచి మనిషే. గొంతే కాస్త పెద్దది.

పిల్లల్ని ఇంట్లో ఏది వండితే అది చిన్న డబ్బాలో తెమ్మన్నాను. తెచ్చారండీ! ఉడికించిన గుడ్డు, శనగలు, వేరుశనక్కాయలు, పాలు, బంగాళాదుంప, రాత్రి మిగిలిన ఇడ్లీ, ఎవరి పెళ్ళిలోదో గట్టిపడ్డ బూంది. తెల్లకాగితం మీద రుద్ది వెలుగుకి పట్టుకుంటే నూనె మరక, అది కొవ్వు. అయోడిన్ చుక్క వేస్తే నల్లబడింది, అది పిండిపదార్థం. ప్రోటీన్ది మాత్రం రెండు మందుల పని. తిండిని నీళ్ళలో కలిపి ట్యూబులో పోసి, మైలుతుత్తం నీళ్ళు రెండు చుక్కలు, కాస్టిక్ సోడా పది చుక్కలు వేసి కదిపితే నేరేడుపండు పిండినట్టు ఊదారంగు వస్తుంది. కాస్టిక్ సోడా చెయ్యి కాలుస్తుంది కాబట్టి ఆ చుక్కలు నేనే వేసేదాన్ని. గుడ్డు తెల్లసొనకి ఆ రంగు వచ్చినప్పుడు పిల్లలు వేసిన కేకకి పక్క క్లాసులోంచి లెక్కల మాస్టారు పరిగెత్తుకొచ్చారు.

ఆయన వచ్చిందీ పాపం, మంచికే. కానీ ఆయన చొక్కాకి రోజూ గంజి పెడతారు. నిలబెడితే దానంతట అదే నిలబడే చొక్కా. అయోడిన్ డ్రాపర్ పట్టుకున్న పిల్ల వెనక్కి తిరగటం, ఆయన ముందుకి వంగటం ఒకేసారి జరిగాయి. తెల్లచొక్కా జేబు మీద చుక్కలు చుక్కలుగా నల్లటి నీలం తేలింది. సారు దగ్గర పిండిపదార్థం ఉందిరోయ్ అని ఎవడో వెనక బెంచీలోంచి అన్నాడు. ఆయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం నా క్యారేజీలో పండుమిరప పచ్చడి వేసుకోవడం మాత్రం మానలేదు.

ఈ సంబరంలో నా బుర్ర కాస్త తిరిగిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. రెండు చుక్కలతో ఏ తిండి గుట్టయినా బయటపెట్టేయగలనని నాకు నమ్మకం కుదిరిపోయింది. సరిగ్గా అప్పుడే, ఒక బుధవారం, మొదటి బెంచీలో కూర్చునే రెండు జడల పిల్ల లేచి, టీచర్, మన బడి పప్పుని కూడా చూద్దామా అని అడిగింది. చూడకేం అన్నాను. ఒకణ్ణి పంపి వంటషెడ్డు నుంచి గిన్నెడు పప్పు తెప్పించాను. ఆ రోజు గోంగూర పప్పు.

ఇక్కడ మా వంటావిడ గురించి చెప్పాలి. పిల్లలందరికీ ఆవిడ పెద్దమ్మ. పాతికేళ్ళు సున్నం బట్టీల్లో రాయి మోసి, దగ్గు పట్టుకుని, డాక్టరు ఇంక ఆ పొగలోకి వెళ్ళొద్దంటే మా బడిలో వంటకి చేరింది. అప్పటికి ఏడేళ్ళయింది. చేతుల మీద అక్కడక్కడా సున్నం తిన్న తెల్లమచ్చలు. తక్కువ మాట్లాడే మనిషి. ఆవిడ వంట తినని మాస్టార్లు మా బడిలో ఇద్దరే, నేనూ, లెక్కల మాస్టారూ. బడి భోజనం పిల్లలది, మనం తినకూడదు అని నేను అంటుండేదాన్ని. నిజం అది కాదు. గుండిగలో వండిన పప్పు ఏం రుచిగా ఉంటుందిలే అని నాకు చిన్నచూపు. ఏడేళ్ళలో ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని చూడలేదు.

సరే, పప్పుని నీళ్ళలో కలిపి వడగట్టి ట్యూబులో పోశాను. తుత్తం రెండు చుక్కలు, సోడా పది చుక్కలు. ఊదారంగు రాలేదు. పాచి పట్టిన నీళ్ళలాగా పచ్చా నీలమా తెలియని రంగు. ఇంకో ట్యూబులో చేశాను. అదే రంగు. మూడోసారీ అంతే. క్లాసు చప్పబడిపోయింది. టీచర్, మరి పప్పులో కందిపప్పు లేదా అని ఛైర్మన్ గారి అబ్బాయి అడిగాడు.

ఆ క్షణంలో నేను చెప్పవలసింది, ఎందుకు రాలేదో కనుక్కుందాం అని. ఏ సైన్సు టీచరైనా చెప్పవలసిన మాట అదే కదా. నేనేమన్నానో తెలుసా? "వేసుంటే కనబడేదిగా" అన్నాను. అని, బెల్లు కొడితే పుస్తకం మూసి వెళ్ళిపోయాను. నా నోటి గురించి ముందే చెప్పాను కదా.

సాయంత్రానికల్లా ఆ మాట ముప్ఫై అయిదు ఇళ్ళకి చేరింది. మర్నాడు పొద్దున నేను బస్సు దిగేసరికి గేటు దగ్గర పదిమంది తల్లిదండ్రులు. వంటావిడ పప్పు ఇంటికి మోసుకుపోతోందనీ, పిల్లలకి గోంగూర నీళ్ళు పోస్తోందనీ, టీచరు గారు మందు వేసి పట్టుకున్నారనీ. పట్టుకున్నారట! ఛైర్మన్ గారు తన పెద్ద గొంతుతో, శనివారం మీటింగు పెడుతున్నాం, ఈవిడ్ని తీసేసి వేరే ఆడవాళ్ళ గ్రూపుకి వంట ఇచ్చేద్దాం అని హెడ్మాస్టారికి చెప్పి వెళ్ళాడు. మా హెడ్మాస్టారు నెమ్మదస్తుడు. ఏది చెప్పినా చూద్దాం అంటారు. ఆ రోజు కూడా అదే అన్నారు.

నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. కానీ మూడుసార్లు చేశాను కదా, ప్రయోగం అబద్ధం చెప్పదు కదా అని నన్ను నేనే సముదాయించుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక వంటావిడ స్టాఫ్ రూముకి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని నా ఎదురుగా నిలబడింది.

"నేను దొంగనని మీరన్నారా టీచరు గారూ, మీ మందు అందా?"

మందే అంది అన్నాను. సిగ్గులేకుండా ఆ బుడ్డి వెనకాల దాక్కున్నాను.

"అయితే ఆ మందుని నాకొకసారి చూపించండి" అంది.

చూపించాను. ఇంకేం చేస్తాను? ఆవిడే షెడ్డులో పొయ్యి మీద కందిపప్పు విడిగా ఉడికించి తెచ్చింది. ట్యూబులో పోసి చుక్కలు వేస్తే చక్కటి ఊదారంగు వచ్చింది. చూశారా, పప్పు వేస్తే ఇలా వస్తుంది అన్నాను, ఇంకా నాదే గెలుపన్నట్టు. ఆవిడ అదే పప్పులో ఉడికిన గోంగూర మెదిపి, చింతపండు రసం పిండి, నాకిచ్చింది. ఆ ఊళ్ళో గోంగూర పులుపు ఒక్కటే చాలదు, చింతపండు కూడా పడాల్సిందే. మళ్ళీ చుక్కలు వేశాను. అదే పాచి రంగు!

నా కళ్ళముందే వేసిన పప్పు. ఎక్కడికి పోయింది? నేను ట్యూబుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పుతుంటే ఆవిడ రెండో బుడ్డి వైపు చూపించి అదేంటని అడిగింది. కాస్టిక్ సోడా, సున్నం లాంటిదే, ఇంకా ఘాటు అని చెప్పాను.

"సున్నం లాంటిదా? మరి పులుపు తగిలితే చచ్చిపోదూ?"

బట్టీలో పని దిగాక చేతులకి చింతపండు పులుసు రుద్దుకునేవాళ్ళట. అప్పుడుగానీ సున్నం మంట చల్లారేది కాదట. అంత ఘాటు సున్నమే పులుపు ముందు చప్పబడిపోయేది, మీ పది చుక్కలెంత అంది. మామూలుగా, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

నా చెంపలు రెండూ వాయించుకోవాలనిపించింది. ఆమ్లం, క్షారం కలిస్తే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయని పోయిన నెలే అదే ఏడో తరగతికి పాఠం చెప్పాను. బోర్డు మీద రాయించాను. స్లిప్ టెస్టు పెట్టి, రాయని వాళ్ళని తిట్టాను కూడా. ఆ పరీక్షకి ట్యూబులో క్షారం ఉండి తీరాలి. పులుపంతా తాగేయగా మిగిలితేనే రంగు. గుడ్డుకీ శనగలకీ సరిపోయిన పది చుక్కలు పల్నాటి గోంగూర పప్పుకి ఏ మూలకి సరిపోతాయి? పది చుక్కలని పుస్తకంలో రాసినాయన చప్పిడి పప్పు తినే మనిషయ్యుంటాడు.

కొత్త ట్యూబులో అదే పప్పు పోసి సోడా చుక్కలు వేస్తూ పోయాను. ఇరవై. ముప్ఫై. లిట్మస్ కాగితం ముంచితే ఇంకా ఎర్రగానే ఉంది. నలభై దాటాక అది నీలంగా మారింది. అప్పుడు తుత్తం వేశాను. కాస్త బురదగా ఉన్నా, అడుగునుంచి ఊదారంగు లేచి ట్యూబంతా నిండింది. నేను చిన్నపిల్లలా కేక పెట్టాను. ఆవిడ మాత్రం ఆ రంగువైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి, రేపు కూడా గోంగూర పప్పే వండుతాను, గుండిగలోంచి వాళ్ళనే తీసుకోమనండి అని చెప్పి గిన్నెలు తోముకోవటానికి వెళ్ళిపోయింది.

హెడ్మాస్టారికి విషయం చెప్పాను. ఆయన సంతోషించి, వెంటనే ఒక ఉపాయం కూడా చెప్పారు. మందులు పాతబడిపోయాయి, డేటు అయిపోయింది అని చెప్పేద్దాం అమ్మా, ఎవరి పరువూ పోదు, ఆవిడ పనీ పోదు అన్నారు. నిజం చెప్తున్నాను, నాకు ఆ మాట చల్లటి మజ్జిగలా దిగింది. ఇన్నేళ్ళ సర్వీసున్న టీచర్ని, ఊరిముందు నిలబడి నాకు పాఠం రాలేదని ఎలా చెప్పను? సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, డేటు అయిపోయింది, డేటు అయిపోయింది అని రెండుమూడు రకాలుగా అనుకుని చూశాను. సత్తెనపల్లి వచ్చేసరికి నాకే అసహ్యం వేసింది. మందుని మళ్ళీ ముందుకి తోసి నేను వెనక్కి తప్పుకోవటమే కదా అది. మందు పాడైందంటే, పప్పు సంగతి తేలనే లేదుగా అని ఎవరో ఒకరు అంటారు. ఆవిడ మీద మచ్చ అలాగే ఉండిపోతుంది.

శనివారం వరండాలో జనం కిటకిటలాడారు. బెంచీలు చాలక పిల్లలు కిటికీలెక్కారు. నేను టేబులు మీద ట్యూబులు పేర్చి మొదలుపెట్టాను.

"తప్పు పప్పుది కాదు. పెద్దమ్మది అసలే కాదు. పరీక్ష చెయ్యటం రానిది నాకు" అన్నాను.

ఆ తర్వాత అంతా నోటికి అదే వచ్చింది. పులుపేమిటి, సున్నమేమిటి, నేను మర్చిపోయిందేమిటి, దాన్ని నాకు గుర్తుచేసిందెవరు. ఛైర్మన్ గారే స్వయంగా గుండిగలో గరిటె ముంచి పప్పు తెచ్చారు. మొదటి ట్యూబులో పది చుక్కలకి పాచి రంగు. పిల్లలందరూ గట్టిగా లెక్కపెడుతుండగా ఇంకో ట్యూబులో సోడా వేశాను, నలభై మూడో చుక్కకి లిట్మస్ తిరిగింది. తుత్తం వేసి ట్యూబు పైకెత్తాను. వరండా అంతా ఒక్కసారి ఓ అంది. మిరప తోటకి మందు కలిపేటప్పుడు డ్రమ్ములో పులుసు పడకుండా చూసుకోవాలన్నమాట అని ఛైర్మన్ గారు పక్కనాయనతో అన్నారు.

వెనకనుంచి ఒకాయన మాత్రం, ఇవాళ మనం వస్తామని వేసుండొచ్చుగా, బుధవారం సంగతేంటి అన్నాడు. అప్పుడు ఆ రెండు జడల పిల్ల లేచింది. బుధవారం నేను రెండుసార్లు వేయించుకున్నా, చిక్కగానే ఉంది, ఎప్పుడూ చిక్కగానే ఉంటుంది అంది. మిగతా పిల్లలు అవునవునన్నారు. మరి ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదే అని దాన్ని అడిగాను. మీరు అడగలేదుగా టీచర్ అంది.

నిజమే. రోజూ ఆ పప్పు తినేవాళ్ళు ముప్ఫై అయిదుమంది నా ఎదురుగా కూర్చుని ఉంటే నేను ట్యూబుని అడిగాను. నేను ఒక్క ముద్ద తిన్నా తేలిపోయే సంగతి అది.

నేను వంటావిడ దగ్గరికి వెళ్ళి అందరిముందు చేతులు పట్టుకుని క్షమించమన్నాను. అనుకున్నంత కష్టంగా లేదు. కళ్ళు మాత్రం నిండాయి. ఆవిడ చేతులు విడిపించుకోలేదు. మూడు రోజుల్లో మొదటిసారి ఆవిడ మొహంలో ఒక చిలిపి నవ్వు కనపడింది.

"అన్నిటినీ చూశారుగా. టీచరు గారి క్యారేజీ కూడా చూస్తే బాగుంటుంది" అంది.

పిల్లలు ఆగుతారా? నేను వద్దు వద్దంటుంటే లెక్కల మాస్టారే లేచి వెళ్ళి నా క్యారేజీ తెచ్చి టేబులు మీద పెట్టారు. చొక్కా బాకీ అలా తీర్చుకున్నాడు మహానుభావుడు. మూత తీశారు. అన్నం, దొండకాయ వేపుడు, పండుమిరప పచ్చడి. పొద్దున్నే ఏడింటి బస్సుకి పరిగెత్తే మనిషి క్యారేజీ ఇంకెలా ఉంటుంది? అయోడిన్ వేస్తే అన్నం నల్లగా మారింది. కాగితానికి వేపుడు రాస్తే ఇవతల వేలు అవతలికి కనబడింది. ఇక ప్రోటీన్. పది చుక్కలేసి తుత్తం వేశాను. నీలం. టీచర్, పచ్చడిలో చింతపండు ఉందేమో, ఇంకా వేయండి అని ఛైర్మన్ గారి అబ్బాయి అరిచాడు. పాఠం ఎంత బాగా వంటబట్టిందో చూడండి! లిట్మస్ తిరిగేదాకా వేయించారు, వదల్లేదు. వేసినకొద్దీ నా ట్యూబు తుత్తం నీలంగానే మెరుస్తూ కూర్చుంది. ఊదా ఛాయ కూడా లేదు.

ఆ నవ్వులు ఊరి చివర కల్లాల దాకా వినపడి ఉంటాయి. హెడ్మాస్టారు కూడా చూద్దాం అనకుండా నవ్వారు. పిల్లలకి ఇరవై ఏళ్ళుగా ప్రోటీన్ తినమని చెప్తున్నదాన్ని, నా క్యారేజీ నిండా గంజీ, నూనే, కారమూ. నాకూ నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ స్టూలు మీద కూలబడ్డాను.

వంటావిడ ఒక స్టీలు కంచంలో వేడన్నం, మధ్యలో గుంట చేసి గోంగూర పప్పు, మీద నాలుగు చుక్కలు నూనె, పక్కన ఉడికిన గుడ్డు పెట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తినండి అంది. అంతే. ఊరంతా చూస్తుండగా తిన్నాను. ఏం చెప్పను, ఏడేళ్ళు ఎంత పోగొట్టుకున్నానో మొదటి ముద్దకే తెలిసింది. ఎదురుగా లెక్కల మాస్టారు కూడా ఒక కంచం పట్టుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత నా మిగిలిన ఆరేళ్ళ సర్వీసులో క్యారేజీ మోయలేదు. ఆవిడ ఇప్పటికీ అక్కడే వండుతోంది. నేను రిటైరై ఇప్పుడు తాడేపల్లిలో మా చెల్లెలింటి పక్కనే ఉంటున్నాను. మొన్న పొద్దున ఫోను మోగింది. పెద్దమ్మే. ఇవాళ గోంగూర పప్పు టీచరు గారూ, పదింటికల్లా బయల్దేరితే వేడిగా దొరుకుతుంది అంది. రెండు బస్సులు మారాలి. ఏమైనా తీసుకురమ్మంటారా అని అడిగాను.

"మందు బుడ్డీలు వద్దులెండి. ఆకలితో రండి చాలు" అంది.

వెళ్ళాను. రెండుసార్లు వేయించుకున్నాను.